ఆరేళ్లుగా షెడ్డులో ఉన్న 2003 బుల్లెట్ 350: మొదటి కిక్కుకి ముందు ఏం చూడాలి?

గోదారి350:

నమస్కారమండీ. బండి బుల్లెట్ స్టాండర్డ్ 350, 2003 మోడల్. ఇనుప బ్యారెల్ (పిస్టన్ ఆడే గొట్టం), పాయింట్లు (స్పార్క్ కోసం కరెంటు కలిపి విడదీసే జత), గేర్లు కుడికాలికి. కాకినాడ దగ్గర పల్లెలో రేకుల షెడ్డులో ఆరేళ్లుగా సెంటర్ స్టాండు మీద కదలకుండా ఉంది. ట్యాంకు అడుగున రెండు లీటర్ల పెట్రోలు మిగిలింది, అదీ వార్నిష్ వాసన కొడుతోంది. మూత తీసి టార్చి వేస్తే లోపలి గోడలకి ఎర్రగా తుప్పు. బ్యాటరీ 4 వోల్టులే చూపిస్తోంది. డిప్‌స్టిక్‌కి (ఆయిల్ మట్టం చూసే పుల్ల) ఆయిల్ అసలు అంటడం లేదు, కానీ కింద నేల మీద చెప్పుకోదగ్గ మరక లేదు. కిక్ రాడ్డు సగం దిగి ఆగిపోతోంది, నేనింకా బలవంతం చేయలేదు.

కొత్త పెట్రోలు పోసి, బ్యాటరీ మార్చి, సెకండ్ గేరులో తోస్తే అదే అందుకుంటుందని ఇక్కడి మెకానిక్ గారు అంటున్నారు. అలా చేయొచ్చా? ఇంతకీ ఆయిల్ ఎటు పోయినట్టు?

టాపెట్:

తోయకండి. ఆయిల్ ఎటూ పోలేదు, క్రాంక్‌కేసులోకి దిగింది. ఈ ఇంజన్‌లో ఆయిల్ ట్యాంకు వేరు, క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) తిరిగే గది వేరు. మధ్యలో పంపు ఉన్నా బండి నెలల తరబడి కదలకపోతే ఆ పంపు సందుల్లోంచే ఆయిల్ మెల్లగా కిందకి జారుతుంది. డిప్‌స్టిక్ ఎండిపోయింది కదా అని పైన ఇంకో రెండు లీటర్లు పోసేవాళ్లున్నారు. అప్పుడు క్రాంక్ ఆయిల్‌లో మునిగి తిరగాలి. కిక్కు బరువెక్కుతుంది, బ్రీదర్ (ఇంజన్ లోపలి గాలి వదిలే) గొట్టంలోంచి ఆయిల్ చిమ్ముతుంది, సైలెన్సర్ పొగబండి అవుతుంది.

ముందు కిక్కు సంగతి. డీకంప్రెసర్ లివర్ (సిలిండరులో బిగిసిన గాలిని వదిలేసే మీట) పట్టుకుని చేత్తోనే రాడ్డు నొక్కి చూడండి. దిగితే అది మామూలు కంప్రెషన్, గొడవ లేదు. లివర్ పట్టుకున్నా ఆగుతోందంటే స్పార్క్ ప్లగ్గు తీసి మళ్లీ చూడండి. అప్పుడూ ఆగితే రింగులు బ్యారెల్‌కి తుప్పుతో అతుక్కున్నట్టు. ఇనుప రింగు, ఇనుప బ్యారెల్, పైగా సముద్రపు గాలి. ప్లగ్గు కన్నంలోంచి డీజిలు, ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే) ఆయిల్ సగం సగం కలిపి 20 మి.లీ. దాకా పోసి రెండు రోజులు వదిలేయండి. తర్వాత నాలుగో గేరులో పెట్టి వెనక చక్రాన్ని ముందుకీ వెనక్కీ చిన్నగా ఊపండి. బిగువు ఒక వెంట్రుకవాసి కదిలినా చాలు, మళ్లీ పోసి ఇంకో రోజు ఆగండి. కిక్ రాడ్డు మీద నిలబడి ఎగరడం మాత్రం వద్దు. పిస్టన్ కదలదు సరికదా గేర్‌బాక్సులో కిక్ పళ్లు పోతాయి, అది పెద్ద ఖర్చు.

ఇంజన్ కదిలాక ఆయిల్. కింద క్రాంక్‌కేస్ డ్రెయిన్ ఒకటి, ఆయిల్ ట్యాంకు డ్రెయిన్ ఇంకొకటి, రెండూ విప్పాలి. ఒక్కటే విప్పి వచ్చినంత చూసి సరిపెట్టుకోవద్దు. టైమింగ్ కవర్ వైపున్న ఫిల్టర్ మార్చండి. డ్రెయిన్ బోల్టుల రాగి వాషర్లు కొత్తవి వేయండి. 20డబ్ల్యు50 మినరల్ ఆయిల్ రెండుంబావు లీటర్ల దాకా పడుతుంది. డిప్‌స్టిక్ చూసుకుంటూ పోయండి.

ఇప్పుడు కూడా స్టార్ట్ చేయొద్దు. ప్లగ్గు బయటే ఉంచి, ఇగ్నిషన్ ఆఫ్‌లో, రాకర్‌కి (పైన వాల్వుల్ని నొక్కే మీట) వెళ్లే సన్న గొట్టం బంజో బోల్టు (ఆయిల్ పారేలా కన్నమున్న బోల్టు) రెండు మరలు వదులు చేసి నింపాదిగా కిక్ కొట్టండి. ముప్పై నలభై కిక్కులకి అక్కడ ఆయిల్ చెమర్చాలి. చెమర్చిందంటే పంపు పట్టుకుంది, పైదాకా ఆయిల్ చేరింది. ఎంతకీ రాకపోతే పంపు సంగతి తేలే దాకా ఇంజన్ స్టార్ట్ చేయకూడదు. ఈ బండి బిగ్ ఎండ్‌లో (పిస్టన్ రాడ్డు క్రాంక్‌కి తగులుకునే చోట) రోలర్లు ఉండవు, ఫ్లోటింగ్ బుష్ (వదులుగా తిరిగే లోహపు గొట్టం) ఉంటుంది. పొడిగా ఒక్క నిమిషం తిరిగినా ఆ బుష్ గీసుకుపోతుంది. తోసి స్టార్ట్ చేయొద్దన్నది ఇందుకే.

కార్బన్‌కింగ్:

పాత ఆయిల్ తీశాక లీటరు డీజిలు పోసి ఐదు నిమిషాలు ఐడిల్‌లో తిప్పి వదిలేస్తే లోపల జిడ్డంతా శుభ్రంగా వస్తుంది కదా? చాలామంది అదే చేస్తారు.

టాపెట్:

చేస్తారు, తర్వాత బిగ్ ఎండ్ మోత మొదలైందని వస్తారు. బుష్‌కి కావలసిన ఆయిల్ పొర డీజిలుతో నిలవదు. శుభ్రం కావాలంటే చవకరకం మినరల్ ఆయిలే పోసి, వంద కిలోమీటర్లు తిప్పి, వేడి మీద దించేయండి. జిడ్డు దాంతోనే వస్తుంది.

పాయింట్‌గ్యాప్:

కరెంటు సంగతి నేను చెబుతా. ఇది బ్యాటరీ కాయిల్ ఇగ్నిషన్. బ్యాటరీ చచ్చిందంటే ఎన్ని కిక్కులు కొట్టినా స్పార్క్ రాదు. 4 వోల్టులకి పడి ఏళ్లు గడిచిన బ్యాటరీ చార్జింగ్‌తో తేరుకోదు, కొత్తది కొనండి. కొత్తదాన్ని కూడా దాని ఆంపియర్-అవర్‌లో పదో వంతు కరెంటుతో, అంటే సుమారు అర ఆంపియర్‌తో, రాత్రంతా చార్జ్ చేసి పెట్టాలి. వైర్లు పెట్టే ముందు ఎలుకల పని చూడండి. హెడ్‌లైట్ డోము లోపల, సీటు కింద తొడుగు కొరికిన చోట్లు ఉంటే ఫ్యూజ్ ఆగదు.

పాయింట్ల మీద ఆరేళ్లలో బూడిదరంగు పొర కడుతుంది. కంటికి శుభ్రంగా కనిపించినా కరెంటు పోనివ్వదు. 400 నంబరు ఉప్పుకాగితం ముక్క మడిచి రెండింటి మధ్యా రెండుసార్లు లాగండి. తర్వాత థిన్నర్‌లో తడిపిన తెల్ల కాగితం లాగండి. ఉప్పుకాగితం రవ్వ ఒక్కటి మిగిలినా మళ్లీ మొదటికే వస్తుంది. పాయింట్లు పూర్తిగా తెరుచుకున్న చోట గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. ఫీలర్ గేజితోనే పెట్టండి, అట్టముక్కతో కాదు. పాయింట్లని తెరిచే క్యామ్ మీద గ్రీజు ఇసుకగింజంత చాలు.

పరీక్షకి వేరే మీటరు అక్కర్లేదు, బండి మీద ఆమ్మీటరు (కరెంటు రాకపోకలు చూపేది) ఉందిగా. ఇగ్నిషన్ ఆన్ చేసి, ప్లగ్గు తీసి, కిక్ మెల్లగా దింపండి. పాయింట్లు కలిసినప్పుడు ముల్లు మైనస్ వైపు వాలాలి, విడిపోయినప్పుడు నడిమికి రావాలి. అసలు కదలకపోతే పాయింట్లలో మకిలి, లేదా కాయిల్ దాకా కరెంటు రావడం లేదు. ఎప్పుడూ వాలే ఉంటే పాయింట్ల ఫైబర్ వాషర్ తప్పు వేశారు, లేదా వైరు బాడీకి తగులుతోంది. చూడటం అయ్యాక ఇగ్నిషన్ ఆపేయండి. పాయింట్లు కలిసిన చోట వదిలేస్తే కాయిల్ కాలిపోతుంది.

పాత ఇనుము:

ట్యాంకు. పాత పెట్రోలు కొత్తదానిలో కలిపి వాడేద్దామనుకోవద్దు. మన పెట్రోలులో ఇథనాల్ ఉంటుంది, గాలిలో తేమ లాక్కుంటుంది, ఆ నీరు అడుక్కి చేరి తుప్పు పట్టిస్తుంది. ట్యాంకు విప్పి, కాక్ (పెట్రోలు కుళాయి) తీసి కన్నం మూసి, గుప్పెడు నట్లు వేసి బాగా కుదిపి పెచ్చులు రాల్చండి. తర్వాత వెనిగర్ నిండా పోసి ఒక పగలూ రాత్రీ ఉంచండి. ఒంపేశాక నీళ్లలో వంటసోడా కలిపి కడగాలి, లేకపోతే పులుపు మిగిలి గంటలోనే మళ్లీ ఎర్రబారుతుంది. వెంటనే ఎండలో ఆరబెట్టి, కొంచెం పెట్రోలులో ఇంజన్ ఆయిల్ కలిపి లోపలంతా తిప్పండి. బాత్రూము కడిగే యాసిడ్ పోసేవాళ్ల మాట వినొద్దు. తుప్పుతోపాటు రేకునీ తినేస్తుంది, అతుకుల దగ్గర చిల్లులు పడతాయి.

కాక్ జాలీ, పెట్రోలు పైపు కొత్తవి. మధ్యలో పారదర్శకంగా ఉండే చిన్న ఫిల్టర్ ఒకటి. బిగించాక పైపు సీసాలోకి పెట్టి, ట్యాంకు మూత బిగించే ఉంచి, రెండు నిమిషాలు వదలండి. ధార సన్నబడి ఆగితే మూతలోని గాలి కన్నం మట్టితో మూసుకుపోయింది.

గోదారి350:

వారం పట్టింది. డీకంప్రెసర్ పట్టుకుంటే కిక్కు హాయిగా దిగింది, అంటే అతుక్కోలేదు. క్రాంక్‌కేస్ నుంచి దాదాపు రెండు లీటర్లు నల్లటి ఆయిల్ వచ్చింది. ముప్పై అయిదో కిక్కుకి బంజో దగ్గర ఆయిల్ చెమర్చింది. పాయింట్లు శుభ్రం చేశా, ముల్లు ఆడుతోంది, స్పార్క్ నీలంగా ఉంది. కార్బురేటర్ మెకానిక్ గారే విప్పి కడిగారు. నాలుగో కిక్కుకి అందుకుంది! కానీ చోక్ మీదే నడుస్తోంది, చోక్ తీస్తే రెండు సెకన్లలో ఆగిపోతుంది. క్లచ్ పట్టుకుని ఫస్ట్ వేస్తే బండి ముందుకి దూకి ఆగిపోతోంది.

టాపెట్:

చోక్ మీదే నడుస్తోందంటే పెట్రోలు చాలడం లేదు, లేదా గాలి ఎక్కువవుతోంది. మొదటి అనుమానం పైలట్ జెట్ (ఐడిల్‌లో పెట్రోలు వచ్చే సన్న కన్నం). కార్బురేటర్ కడగడం అంటే చాలాచోట్ల గిన్నె విప్పి పెట్రోలు చిమ్మి మూసేయడమే. పైలట్ జెట్‌ని స్క్రూడ్రైవర్‌తో బయటికి తీసి వెలుతురుకి పట్టి చూడండి. గుండ్రంగా చుక్క కనిపించాలి. లేకపోతే కార్బ్ క్లీనర్‌లో నానబెట్టి, కరెంటు తీగలోని ఒక్క రాగిపోగుతో పొడవండి. పిన్నీసు, సూది పెట్టొద్దు, కన్నం పెద్దదైతే ఆ జెట్ ఇక పనికిరాదు. ఎయిర్ స్క్రూ (ఐడిల్‌లో గాలి సర్దే మర) పూర్తిగా బిగించి ఒకటిన్నర చుట్లు వదలండి, అక్కణ్నుంచి సర్దుకోవచ్చు.

జెట్ బాగుంటే, కార్బురేటర్‌కీ హెడ్‌కీ మధ్య బిగింపు చూడండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే, చోక్ మీద తిరుగుతుండగా ఆ అతుకు చుట్టూ క్లీనర్ కొద్దిగా చల్లితే, గాలి లాగే చోట ఇంజన్ శబ్దం మారుతుంది. సైలెన్సర్ వేడెక్కాక ఆ పని చేయకండి, అంటుకుంటుంది.

క్లచ్ ప్లేట్లు అతుక్కున్నాయి. ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో, క్లచ్ పట్టుకుని కిక్ కొట్టండి. బుల్లెట్ కిక్కు క్లచ్ మీదుగానే ఇంజన్‌ని తిప్పుతుంది కాబట్టి ప్లేట్లు విడిపోతే రాడ్డు ఖాళీగా జారాలి. ఇంజన్ కూడా తిరుగుతుంటే అతుకు వదల్లేదు. లివర్‌ని హ్యాండిల్‌కి కట్టేసి రాత్రంతా ఉంచి పొద్దున మళ్లీ చూడండి. అప్పటికీ వదలకపోతే ప్రైమరీ కవర్ (క్లచ్ మీది మూత) విప్పి ప్లేట్లు కడగాల్సిందే. ఎలాగూ విప్పారు కాబట్టి అందులో ఆయిల్ పాలలా ఉంటే మార్చేయండి.

పొగ తెల్లగా నీలంగా వస్తే కంగారొద్దు, అడుగున మిగిలిన ఆయిల్ కాలుతుంది. ఇరవై నిమిషాలు నడిపాక కూడా తగ్గకపోతే రింగులు అనుమానించాలి.

పాత ఇనుము:

రోడ్డెక్కే ముందు టైరు పక్కన నాలుగంకెల తేదీ చూడండి. 1417 అంటే 2017లో పద్నాలుగో వారం. గీతలు ఎంత లోతున్నా ఆ వయసు టైరు గట్టిపడి ఉంటుంది, వాన పడితే నిలవదు. టైర్లతో పాటు ట్యూబులూ మార్చండి. యాక్సిలరేటర్ కేబుల్ వదిలితే టక్కున వెనక్కి రావాలి. ఆలస్యంగా వస్తే ఆయిల్ వేయడం కాదు, కేబులే మార్చాలి. బ్రేకు డ్రమ్ములు రెండూ విప్పి క్యామ్ ఇరుసు తుప్పు తీసి చిటికెడు గ్రీజు పెట్టండి. లేకపోతే పట్టిన బ్రేకు వదలదు.

ఇంకోటి, 2003 బండి ఆర్‌సీ గడువు పదిహేనేళ్లు, ఎప్పుడో దాటింది. ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం చేయించుకుని, ఫారం 25తో రెన్యువల్‌కి పెట్టండి. బండిని తనిఖీ చేసి ఐదేళ్లకి ఇస్తారు. ఆ తనిఖీలో హారన్, ఇండికేటర్లు, బ్రేకు లైటు పనిచేయాలి కాబట్టి కొరికిన వైర్లు ఉంటే అప్పటిదాకా వాయిదా వేయకండి.

గోదారి350:

పైలట్ జెట్ పూర్తిగా మూసుకుపోయి ఉంది. రాగిపోగుతో తీశాక చోక్ లేకుండా ఐడిల్ నిలుస్తోంది. క్లచ్ రాత్రికి కట్టి పెట్టాను.