నాయనమ్మ పట్టు జాకెట్‌పై జర్దోసీ నల్లబడింది, కాల్చి వెండి తీస్తామంటున్నారు

ప్రశ్న (హన్మకొండ):
నాయనమ్మ పెట్టెలో ఆమె పెళ్లినాటి ఎర్రపట్టు జాకెట్ దొరికింది. రెండు చేతులకూ నిండుగా మామిడి పిందెల జర్దోసీ, అంటే బంగారు పూత పూసిన వెండి తీగతో కుట్టిన పని. అంతా నల్లబడింది, మడతల దగ్గర పట్టు చీలింది. పాత పట్టుచీరలు కొనేటాయన కాల్చి వెండి తీసుకుంటా, తూకానికి డబ్బులిస్తా అన్నాడు. అమ్మ ఇచ్చేద్దామంటోంది, నాకు మనసొప్పడం లేదు. ఇది చేతిపనేనా? ఫొటో పెట్టాను.

జవాబు (కరీంనగర్):
ఇవ్వకండి. మా మేనత్త చీర అట్లనే ఇచ్చేసినం. ఇప్పుడు చూసుకుందామంటే కొంగు ముక్క కూడా లేదు.

జవాబు (వరంగల్, మగ్గం పని):
అక్కా, 22 ఏళ్లుగా మగ్గం మీదే కూర్చుంటున్నా. ఫొటో పెద్దది చేసి చూసిన, ఇది చేతిపనే. జర్దోసీ తీగ సన్నటి స్ప్రింగులా ఉంటుంది. దాన్ని వడ్లగింజంత ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ పూసలా సూదికి ఎక్కించి కుట్టాలి. దారం కాస్త గట్టిగా లాగితే చుట్టు విడిపోతుంది, మళ్లీ దగ్గరికి రాదు. ఆ ముక్క పారేయాల్సిందే. ఒక్క పిందె నింపడానికి నాకు గంటన్నర పడుతుంది. మీ జాకెట్‌కు చేతికి 24 పిందెలున్నాయి. రోజుకు 8 గంటలు వంగి కూర్చున్నా చేతులకే 9 రోజులు, మెడ పని వేరే. ఆయన తక్కెడలో ఈ రోజులకు లెక్క ఉండదు.

నల్లబడిందని భయపడకండి, వెండికి గాలి తగిలితే అట్లనే అవుతుంది. చింతపండు, నిమ్మకాయ పెట్టి మాత్రం తోమకండి, బంగారు పూత లేచిపోతుంది. వీలైతే లోపలి లైనింగ్ ఒక పక్క విప్పి, వెనక చేతికుట్టు ఎలా ఉందో చూడండి.

ప్రశ్న అడిగినవారు:
విప్పాను అన్నా! వెనక ముడులు, ఒక పిందె నుంచి ఇంకోదానికి దాటిన దారాలు కనిపిస్తున్నాయి. ఎడమ చేతికి మాత్రం సగం నుంచి దారం రంగు మారింది.

జవాబు (వరంగల్, మగ్గం పని):
ఆ దారం అయిపోయి ఉంటుంది, లేదంటే అక్కడి నుంచి ఇంకొకరు కూర్చుని ఉంటారు. మేమూ ఒక మగ్గానికి ఇద్దరం, ముగ్గురం కూర్చుంటాం. ఆ దారం పీకకండి. జాకెట్‌ను పాత మడతల మీదే మళ్లీ మడవొద్దు. ఉతికిన తెల్ల నూలుగుడ్డను ఉండచుట్టి మడతల్లో పెట్టండి, కలరా ఉండలు జరీకి తగలనీయకండి. చీలిన చోట కింద పల్చటి పట్టు ముక్క ఆనించి కుట్టాలి. వరంగల్ వస్తే తీసుకురండి, నేనే కుడతా.

ప్రశ్న అడిగినవారు:
అమ్మకు చదివి వినిపించాను. జాకెట్ తీసుకుని తన బీరువాలో పెట్టుకుంది. ఆదివారం ఇద్దరం వస్తాం అన్నా.