పెనుకొండ పాయింటు గోదావరి జిల్లాలో పడుతోంది

పెన్నాగట్టు (అనంతపురం): పొద్దున్నుంచి దీంతోనే కూర్చున్నా, తల పగిలిపోతాంది. విజయనగర రాజధానులు ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎట్లా మారినాయో చూపే పటం చేస్తాండా. పట్టిక ఎక్కిస్తే విజయనగరం ఉత్తరాంధ్రలో, పెనుకొండ పశ్చిమగోదావరిలో, చంద్రగిరి కేరళలో పడినాయి. ఎల్లుండే బడిలో ప్రదర్శన. ఎవరైనా చెప్పండప్పా.

కొండారెడ్డిబురుజు (కర్నూలు): ఏ సాఫ్ట్‌వేర్? పేర్లు ఏ లిపిలో ఉన్నాయి? జిల్లా గడి పెట్టినావా లేదా?

ఒంటిమిట్ట (కడప): పేరుతో వెతకొద్దు. అక్షాంశం, రేఖాంశం ఇవ్వు.

కడప మాస్టరు: అసలు పెనుకొండను రాజధాని అనేముందు ఆలోచించాలి. 1565 తళ్ళికోట యుద్ధం తర్వాత తిరుమల రాయలు అక్కడికి చేరినాకే అది రాజధాని. అంతకుముందు రాజకుటుంబం వాళ్లు పాలించిన ఒక ‘రాజ్యం’ కేంద్రం మాత్రమే; రాజ్యమంటే అప్పట్లో సామ్రాజ్యంలో ఒక రాష్ట్రం లాంటిది. పటంలో ఈ తేడా కనపడాలి. వెంకటపతి రాయలు 1592లో చంద్రగిరికి మార్చినాడు, ఆ తర్వాత వేలూరు.

గుత్తికోట: మాస్టారూ, మొదటినుంచీ దాన్ని రెండో రాజధాని అనే అంటాం కదా.

కడప మాస్టరు: అనుకోవడం వేరు, సింహాసనం ఉండటం వేరు.

పెన్నాగట్టు: క్యూజీఐఎస్ అన్నా. పేర్లు ఇంగ్లిష్‌లో, పాత పుస్తకంలో ఉన్నట్టే దించినా. పెనుకొండకు అందులో ‘కె’ బదులు ‘జి’ ఉండాది. జిల్లా పెట్టలేదు, అది తెలిసిందే కదా.

కొండారెడ్డిబురుజు: అది మనకు తెలుసు, యంత్రానికి తెలీదు. ‘జి’తో రాస్తే వాసవీ కన్యకా పరమేశ్వరి గుడి ఉన్న పెనుగొండకే పోతుంది. విజయనగరం అంటే 1713లో కోట కట్టిన పూసపాటి వాళ్ల ఊరు దొరుకుతుంది, నీకు కావాల్సింది హంపి. చంద్రగిరి పేరుతో కాసరగోడ్ దగ్గర ఇంకో కోట ఉంది, అది కెళది నాయకులది.

జిల్లా గడి చేర్చినా పూర్తిగా నమ్మలేం. 2022 ఏప్రిల్ 4 నుంచి పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలో, చంద్రగిరి తిరుపతి జిల్లాలో ఉన్నాయి. హద్దుల ఫైలు అంతకన్నా పాతదైతే ఇంకా అనంతపురం, చిత్తూరు అనే ఉంటుంది, పేర్లు కలవవు. అందుకే ఒంటిమిట్ట చెప్పిందే సరి. అక్షాంశం, రేఖాంశం వరసలో: హంపి 15.33, 76.46. పెనుకొండ 14.08, 77.59. చంద్రగిరి 13.58, 79.32. వేలూరు 12.92, 79.13.

పట్టికను సీఎస్‌వీ (గడుల మధ్య కామాలుండే ఫైలు)గా, యూటీఎఫ్-8 (అన్ని లిపులకూ పనికొచ్చే ఎన్‌కోడింగ్)లో దాచు, లేకుంటే తెలుగు పేర్లు పిచ్చి అక్షరాలవుతాయి. లేయర్ మెనూలో ‘యాడ్ డెలిమిటెడ్ టెక్స్ట్ లేయర్’ తెరిచి ఎక్స్ గడికి రేఖాంశం, వై గడికి అక్షాంశం ఇవ్వు. సీఆర్‌ఎస్ (పటం ఏ కొలతల పద్ధతిలో ఉందో చెప్పేది) 4326 పెట్టు, అది మామూలు అక్షాంశ రేఖాంశాలది. ఎక్స్, వై తారుమారైతే పెనుకొండ ఉత్తరధ్రువం దిక్కున స్వాల్‌బార్డ్ దగ్గర తేలుతుంది, అట్లా కనబడితే కారణం అదే. పాత పుస్తకం నుంచి దించుకుంటే ఇంకో చిక్కు: 14 డిగ్రీల 5 నిమిషాలు ఉంటే 14.5 అని కొట్టొద్దు. నిమిషాల్ని 60తో భాగించాలి, 14.083 వస్తుంది. లేకుంటే ఊరు దాదాపు 46 కిలోమీటర్లు ఉత్తరానికి జరుగుతుంది.

గుత్తికోట: గోల్కొండ కూడా పెడితే? హైదరాబాద్ అని రాస్తే సింధ్‌కు పోదా?

ఒంటిమిట్ట: పోవచ్చు. అది 1768లో కట్టిన ఊరు, మనది 1591. రైల్వే వాళ్లు కూడా నాంపల్లి స్టేషన్‌కు హైదరాబాద్ దక్కన్ అనే పేరు పెట్టుకున్నారు.

కడప మాస్టరు: 1591 హైదరాబాద్‌ది. గోల్కొండ కోట అంతకన్నా పాతది. పటంలో రెండింటినీ ఒకటి చేయొద్దండి.

పెన్నాగట్టు: నాలుగూ సరిగ్గా పడినాయి, థాంక్స్ అన్నా. బాణం గుర్తులు మాత్రం ఇంకా రాలేదు.