అరవై దాటాక ఆస్తి పిల్లలకి రాసిచ్చేస్తేనే వైరాగ్యమా?

లంకగట్టు:
2027 గోదావరి పుష్కరాలు దగ్గర పడుతున్నాయి. ఈలోపే చేలూ తోటా పిల్లల పేర రిజిస్ట్రీ చేసేసి, రాజమండ్రి గట్టునో కాశీలోనో మిగిలిన రోజులు గడుపుదామనే మాట కోనసీమ ఇళ్ళల్లో తరచూ వినబడుతోంది. నా వాదన సూటిగా చెప్తాను. వదిలితే మొత్తం వదలాలి. "నేనున్నంత కాలం అనుభవం నాదే" అని దస్తావేజులో ఓ వాక్యం రాయించుకున్నవాడు వదిలినట్టు కాదు, వాయిదా వేసినట్టు. వీలునామా అయితే మరీను. పోయాక ఇచ్చేది త్యాగం ఎలా అవుద్ది, అప్పుడు ఎలాగూ పోయేదేగా! కాదనేవాళ్ళు చెప్పండి.

పాతదస్తావేజు:
కాదంటానండి. ముందు కాయితం సంగతి తేలాలి, అక్కడ తప్పితే వెనక్కి రాదు. వీలునామా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. స్టాంపు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షులు చాలు. (ఆస్తి పుచ్చుకునేవాణ్ణే సాక్షిగా కూర్చోబెట్టకండి, కోర్టులో అనుమానం అక్కడే మొదలవుద్ది.) గిఫ్ట్ దస్తావేజు అలా కాదు. రిజిస్టరై, పుచ్చుకునేవాడు ఒప్పుకున్నాడంటే భూమి అతనిది. మనసు మారిందని ఇచ్చినాయన ఒక్కడే వెళ్ళి రద్దు చేసుకోలేడు. పోనీ "ఇష్టమైనప్పుడు వెనక్కి తీసుకుంటాను" అని రాయిద్దామా అంటే, ఆస్తి బదిలీ చట్టం 126వ సెక్షన్ ప్రకారం ఆ దానమే చెల్లదు.

మీరు ఎగతాళి చేసిన ఆ వాక్యం మాత్రం నిక్షేపంగా చెల్లుతుంది. అనుభవం తన దగ్గరే ఉంచుకుని ఇచ్చిన గిఫ్ట్ చెల్లుతుందని 2014లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక పిత్రార్జితమైతే మొత్తం రాసిచ్చే హక్కే తండ్రికి లేదు. ముందు పంపకం కావాలి, అందులో కూతుళ్ళకీ వాటా ఉంటుంది.

నమమ:
చట్టం ఒప్పుకున్నంత మాత్రాన త్యాగం అయిపోదు. ధర్మశాస్త్రం లెక్కలో దానం పూర్తవ్వాలంటే నా స్వత్వం, అంటే నాదనే హక్కు, పోవాలి, ఎదుటివారి స్వత్వం ఏర్పడాలి. చేతిలో నీళ్ళు వదిలి "న మమ", అంటే నాది కాదు, అనేది అందుకే. ఆ లెక్కన లంకగట్టు గారి మాట సగం ఒప్పు. మిగతా సగం తప్పు, ఎందుకంటే కొడుక్కి ఇచ్చేదాన్ని దానం అనడమే పొరపాటు. అది దాయం, వాడికి ఎలాగూ రావాల్సిందే. పుష్కరాల్లో చేసే దశదానాలు గోవు, భూమి, నువ్వులు, బంగారం, నెయ్యి, వస్త్రం, ధాన్యం, బెల్లం, వెండి, ఉప్పు. అందులో భూదానం పుచ్చుకునేవాడు మీ అబ్బాయి కాదు. ఇంటి ఆస్తి ఇంట్లోనే తిప్పి వైరాగ్యం అనడం, గయకెళ్ళి నోటికి పడని కాకరకాయ వదిలొచ్చినట్టుంటుంది.

పూర్తిగా వదలాలంటే దారి ఉంది, సన్యాసం. అష్టశ్రాద్ధాలు పెట్టి, అందులో తన శ్రాద్ధం తానే పెట్టుకుని, విరజాహోమం చేయాలి. అలా తీసుకున్నవాణ్ణి హిందూ న్యాయం ఆస్తి విషయంలో పోయినవాడి కిందే లెక్కగట్టి వారసులకి పంచుతుంది. కాషాయం కట్టినంత మాత్రాన చాలదు, ఆ కర్మ జరిగిందని రుజువు కావాలి. అంతదూరం వెళ్ళనివాళ్ళు సగం దారిలో ఉన్నామని ఒప్పుకుంటే గొడవే లేదు.

దింపుకత్తి:
ఒకరు కాయితం, ఒకరు మంత్రం పట్టుకున్నారు. మమకారం బయటపడేది కొబ్బరికాయ దింపు రోజున తోటలోనండి. చేను కొడుకు పేర ఎక్కి మూడేళ్ళయినా ముసలాయన రాశి పక్కన కుర్చీ వేసుక్కూర్చుంటాడు. ముదురు కాయతో లేతకాయ కూడా దించేశాడని చెట్టెక్కినవాడి మీద కేకలు. ఏ వర్తకుడికి అమ్మాలో, ఒలుపు ఎక్కడ పెట్టాలో ఆయనే చెప్పాలి. ఇదేం వదలడం?

సాధన మొదలుపెట్టేది అక్కడే. ఓ ఏడాది, అంటే ఆరేడు దింపులు, లెక్క అడగడం మానండి. తరవాత బీరువా తాళాలు ఇచ్చేయండి. మందులకీ ఆసుపత్రికీ సరిపడా డిపాజిట్ మాత్రం కదపొద్దు. అదీ ఇచ్చేసినవాళ్ళు రెండో నెల నుంచే కోడలి చెయ్యి చూస్తారు, అప్పుడు పుట్టేది ఏడుపు.

ఇంకో పరీక్ష. మన రాష్ట్రం 2019లో తెచ్చిన పంట సాగుదారుల చట్టంలో కౌలు రైతుకి 11 నెలల కార్డు పెట్టారు. దాంతో పంట రుణం, బీమా వస్తాయి. భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే ఉంది. అయినా సంతకం పెట్టమంటే మన ఆసాములు ఇంట్లో లేరనిపిస్తారు. నేల భగవంతుడిదని సాయంత్రం గుళ్ళో తలాడించేది వీళ్ళే.

లంకగట్టు:
సంతకం మాట తగలాల్సిన చోట తగిలింది, ఒప్పుకుంటున్నా. కానీ అనుభవం అట్టేపెట్టుకుంటే దింపు డబ్బు ఎవరిది? తుఫానుకి పడ్డ చెట్టు ఎవరిది? అబ్బాయి తోట కొట్టేసి రొయ్యల చెరువు తవ్వుతానంటే? వదుల్చుకుందామంటే మెడకి చుట్టుకున్నట్టు కాదూ?

పాతదస్తావేజు:
రాయకపోతే చుట్టుకుంటుంది. ఫలసాయం ఎవరిది, నీటితీరువా ఎవరు కట్టాలి, కొత్త మొక్క నాటే ఖర్చు ఎవరిది, చెరువు తవ్వకూడదన్న మాట, అన్నీ విడివిడిగా రాయించండి. దింపుల బెడదే వద్దనుకుంటే అనుభవం కూడా ఇచ్చేసి, నెలకి ఇంత డబ్బు ఇవ్వాలని పెట్టుకోవచ్చు.

అసలు జారిపోయేది మరో చోట. లేఖరి దగ్గరుండే నమూనాలో "ప్రేమాభిమానములచే" అని ఉంటుంది, "పోషించవలెను" అని ఉండదు. 60 దాటినవాళ్ళ కోసం 2007లో వచ్చిన చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చూసుకోవాలన్న షరతుతో ఇచ్చి, పుచ్చుకున్నవాడు చూడకపోతే బదిలీ రద్దు చేయమని ట్రిబ్యునల్‌ని అడగొచ్చు. అమలాపురం వైపైతే ఆర్డీవో దగ్గరకెళ్ళాలి. ప్రేమ మాట ఒక్కటీ ఉంటే అది షరతు కిందికి రాదని 2022లో సుప్రీంకోర్టు అంది. 2025 జనవరిలో మరో తీర్పు, ఈ చట్టాన్ని పెద్దవాళ్ళ మేలు చూసి ఉదారంగా చదవాలంది. ఆ రెండు తీర్పుల మధ్య నలగడం దేనికి, ఒక్క లైను రాయించుకుంటే పోయేదానికి: "దాత జీవితకాలము అన్నవస్త్రములు, వైద్యము, నివాసము గ్రహీత సమకూర్చవలెను. తప్పినచో ఈ బదిలీ రద్దు కాగలదు."

పెరటిజామ:
ఇంతమంది రాశారు, ఇంట్లో ఆడమనిషి మాట ఒక్కరూ ఎత్తలేదే. ఆయనకి వైరాగ్యం వస్తే ఆవిడ అన్నం ఎవరి చేతిలో పడాలి? దాత పోయిన రోజుతో "దాత జీవితకాలము" కూడా అయిపోయినట్టేగా.

నమమ:
నిజమేనమ్మా. వానప్రస్థానికి వెళ్ళేవాడు కూడా భార్యను కొడుకులకి అప్పగించి వెళ్ళాలి, లేదా వెంట తీసుకెళ్ళాలి. చెప్పకుండా వదిలి వెళ్ళే విధి స్మృతిలో లేదు.

పాతదస్తావేజు:
తప్పు నాదే, దిద్దుతున్నాను. "దాత జీవితకాలము" తీసేసి "దాత, దాత భార్య, ఇరువురిలో చివరివారి జీవితకాలము" అని పెట్టించండి, ఆవిడ పేరూ వయసూ దస్తావేజులో ఎక్కించండి. ఇంకోటి, చాలామంది "ఇంటిలోని బంగారము సహా" అని కూడా రాయించేస్తారు. పుట్టింటివాళ్ళు పెట్టిన బంగారం ఆవిడ స్త్రీధనం. అది వదలాలో వద్దో ఆవిడ చెప్పాలి, ఆయన దస్తావేజులోంచి ఆ ముక్క కొట్టేయండి.