ప్రొపెల్లర్ రెక్కల మీద తెల్ల పెంకు ఎలా వదిలిస్తున్నారు?

వైజాగ్_మరబోటు: వేట నిషేధం (ఏప్రిల్ 15 నుంచి జూన్ 14) కదా, బోటు స్లిప్‌వే (ఒడ్డున బోట్లు లాగే ఏటవాలు గట్టు) ఎక్కించాం. ఫ్యాన్‌కి పట్టిన గుల్లలు గీకేశాక కింద సున్నం కొట్టినట్టు తెల్లపొర బయటపడింది. గోరుతో గీకితే కదలట్లేదు. ఉలి, సుత్తి తెస్తానంటున్నాడు మా డ్రైవర్. ఆపి ఉంచా. ఇత్తడి రంగు ఫ్యాన్, నాలుగు రెక్కలు. మీరంతా ఏం చేస్తున్నారు?

నిజాంపట్నం_ఫైబర్: ఉలి వద్దన్నా. రెక్క అంచు కాస్త చొట్టపడినా బోటంతా వణుకుతుంది. ఆనక షాఫ్టు, బేరింగు ఖర్చు నీదే. బాత్రూం యాసిడ్ పోసి బ్రష్ కొట్టు, నురగ కక్కుతూ పోద్ది.

షెడ్డు_మెకానిక్: యాసిడ్‌తో పోయే మాట నిజమే గానీ ముందు లోహం చూడండి తమ్ముడూ. మీ ఫైబర్ బోటుది అల్యూమినియం ఫ్యానైతే బాత్రూం యాసిడ్ దాన్నే తినేస్తుంది. వైజాగ్ ఆయనది మాంగనీస్ బ్రాంజ్ అయ్యుంటుంది. పేరుకే బ్రాంజ్, అందులో సగానికి పైగా రాగి, మిగతాది చాలావరకు జింకే. ఘాటు యాసిడ్‌లో నానబెడితే ఆ జింకు కరిగిపోయి రాగి స్పాంజిలా మిగులుతుంది. రుద్దినా పోని గులాబి మచ్చలు కనిపిస్తే ఫ్యాన్ పని చేసేవాళ్లకి చూపించండి.

నేనైతే నిమ్మ ఉప్పు గోరువెచ్చటి నీళ్లలో కలిపి, గోనె గుడ్డ తడిపి రెక్కకి చుట్టి వదిలేస్తా. పొర మెత్తబడ్డాక ప్లాస్టిక్ గీకుడు బిళ్ళ, ఆపైన నీళ్ల కాగితం (తడిపి రుద్దే గరుకు కాగితం). చివర్లో వంటసోడా నీళ్లతో కడిగి, మంచినీళ్లు పోయాలి. ఏ యాసిడ్‌లోనూ బ్లీచింగ్ కలపకండి, విషవాయువు వస్తుంది.

కాకినాడ_అక్క: మా ఇంట్లో ఇత్తడి బిందెలకి చింతపండే. ఫ్యాన్‌కి పనికిరాదా?

షెడ్డు_మెకానిక్: పలచటి పొరకి భేషుగ్గా పనికొస్తుందమ్మా. మందపాటి దానికి ఓపిక కావాలి.

దుబాయ్_మెరీనా: అసలు ఆ తెల్లపొరంతా గుల్లలది కాదండీ. షాఫ్టుకి బిగించే జింకు బిళ్ళ కరుగుతూ ఫ్యాన్‌ని కాపాడుతుంది కదా, ఆ కరెంటు వల్ల రెక్కని అంటుకున్న నీళ్లలో క్షారం పెరుగుతుంది. దాంతో సముద్రంలోని కాల్షియం కార్బొనేటు, మెగ్నీషియం హైడ్రాక్సైడు అక్కడే పేరుకుంటాయి. పెంకు మరీ మందంగా ఉంటే బిళ్ళలు అవసరానికి మించి బిగించారేమో చూడండి. మీది చెక్క బోటా?

వైజాగ్_మరబోటు: చెక్కదే. బిళ్ళలు పోయినేడు రెండు అదనంగా కొట్టించాడు మా మామ.

దుబాయ్_మెరీనా: అయితే ఫ్యాన్ కంటే ముందు చెక్క చూసుకోండి. స్టెర్న్ ట్యూబు (షాఫ్టు బోటు బయటికొచ్చే గొట్టం), బోల్టుల చుట్టూ తెల్లపొడి రాలుతూ పలక పీచులా మెత్తబడిందేమో, స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చండి. ఆ క్షారం చెక్కని తినేస్తుంది. బిళ్ళలెక్కువైతే మంచిదేగా అనుకునేవాళ్లని ఇక్కడా చూస్తుంటాను.

నిజాంపట్నం_ఫైబర్: బిళ్ళకి రంగేస్తే సరిపోదా, పని తగ్గుతుంది కదా?

షెడ్డు_మెకానిక్: బిళ్ళకి రంగేస్తే అది పెట్టి కూడా దండగే. ఎక్కువైతే ఒకటి తీసెయ్యాలంతే. అన్నట్టు మీ అల్యూమినియానికి రాగి కలిసిన రంగు కూడా వెయ్యకండి, లోహం తూట్లు పడుతుంది.

వైజాగ్_మరబోటు: గుచ్చి చూశా. స్టెర్న్ ట్యూబు కింద ఒక్కచోట మొన దిగింది, మిగతాదంతా గట్టిగానే ఉంది. వడ్రంగికి కబురుపెట్టా. నిమ్మ ఉప్పు గుడ్డ ఒక రెక్కకి చుట్టాం, అంచుల్లో పొర పొట్టులా లేస్తోంది. ఆ అదనపు బిళ్ళలు రెండూ తీసెయ్యమంటారా, ఒకటి ఉంచనా?

దుబాయ్_మెరీనా: మామ కొట్టించకముందు ఎన్ని ఉండేవో అన్నే ఉంచండి. మళ్లీ ఎక్కించినప్పుడు అవి సగం అరిగి ఉంటే లెక్క సరిపోయినట్టు.