బ్రిస్బేన్‌లో వైటింగ్ చేప: ఎర పోతోంది, చేప పడటం లేదు

ప్రశ్న: శాండ్‌గేట్ వైపు గట్టు మీద నుంచి వైటింగ్ కోసం గాలం వేస్తున్నానండి. టుక్కుటుక్కుమని లాగుతుంది, తీసి చూస్తే ఉత్త ముల్లు. సూపర్ మార్కెట్ పచ్చి రొయ్య, 1/0 ముల్లు, పెద్ద సీసం. ఎంత దూరం విసిరినా ఇదే వరస. తేడా ఎక్కడ?

జవాబు: ముల్లు చాలా పెద్దదండి. వైటింగ్ నోరు చిన్నది, కిందికి సాగి ఇసుకలోని పురుగుల్ని పీల్చుకుంటుంది. 1/0 అందులో పట్టదు, ఎరను అంచుల నుంచి కొరుక్కుపోతుంది. 6 లేదా 4 నంబరు (1/0 కంటే చిన్నవే) లాంగ్ షాంక్, అంటే పొడుగు కాడ ముల్లు వాడండి. 6 పౌండ్ల లైనుకి జారే చిన్న గుండు సీసం ఎక్కించి, స్వివెల్ (గుండ్రంగా తిరిగే లంకె) కట్టి, దాని తర్వాత 60 నుంచి 90 సెంటీమీటర్ల సన్న ఫ్లోరోకార్బన్ దారం. సీసం నీటి లాగుడుకి దొర్లాలి. ఒకేచోట కూరుకుపోతే ఎరలో కదలిక ఉండదు, పీతలూ టోడ్‌ఫిష్‌లూ తినేస్తాయి. ముల్లు మీద ఎర్ర ట్యూబు ముక్క తొడగమంటారు. దాని మీద నాకు పెద్ద నమ్మకం లేదు, పెట్టినా నష్టం లేదు.

మరో జవాబు: ఆ రొయ్య ముందు మానేయండి. 2016లో బ్రిస్బేన్ దక్షిణాన లోగన్ నది దగ్గరి రొయ్యల చెరువుల్లో వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు వచ్చింది. అది ఎంత నష్టం చేస్తుందో భీమవరం వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. తినడానికి అమ్మే పచ్చి రొయ్యని ఎరగా వాడొద్దని అక్కడి అధికారులే చెబుతారు. బతికున్న యాబీలు, అంటే ఇసుక బొరియల్లో ఉండే చిన్న రొయ్యలాంటి జీవులు మేలు. పాటు వేళ ఇసుక మేటల మీద సన్న రంధ్రాలు గుంపుగా ఉన్నచోట యాబీలు లాగే చేతి పంపు ఆనించి, అదే రంధ్రంలో రెండు మూడుసార్లు లాగి ఇసుకని పక్కన చిమ్మండి. బకెట్లో నీళ్లు వేడెక్కితే చచ్చిపోతాయి, మారుస్తూ ఉండాలి. మెరైన్ పార్క్ (సముద్ర రక్షిత ప్రాంతం) గ్రీన్ జోన్‌లో మాత్రం ఎర తవ్వడం, గాలం వెయ్యడం రెండూ నిషేధం.

ఇక దూరం సంగతి. పోటు మొదలై ఆ మేటల మీదికి నీళ్లు ఎక్కేటప్పుడు చేప మోకాలి లోతులోకే మేతకి వస్తుంది. నీళ్లలోకి దిగకముందే ఒడ్డు వెంబడి ఒకసారి వేసి చూడండి. దిగాక అడుగు ఎత్తకుండా ఈడుస్తూ నడవండి, ఇసుకలో తోకకి ముల్లుండే టేకు చేపలు పడుకుని ఉంటాయి.

ప్రశ్న: లాగిన వెంటనే రాడ్ ఎగరెయ్యాలా?

జవాబు: వద్దు. మొదటి టుక్కు పీల్చి చూడటమే. రీలు నెమ్మదిగా తిప్పుతూనే ఉండండి, బరువు తెలిశాక రాడ్ పైకెత్తితే చాలు. స్టాండులో నిలబెట్టి కూర్చుంటే మళ్లీ ఉత్త ముల్లే.

జవాబు: క్వీన్స్‌లాండ్‌లో ఈ శాండ్ వైటింగ్ కనీసం 23 సెంటీమీటర్లు ఉండాలి, మనిషికి 30 చేపలే. హద్దు దాటి న్యూ సౌత్ వేల్స్‌లో వేస్తే 27 సెంటీమీటర్లు, 20 చేపలు, పైగా గాలం వేసేందుకు ఫీజు కట్టాలి. పిల్ల చేపలకి ఒంటి మీద మచ్చలుంటాయి. వాటిని చూసి, సైజు నిబంధన లేని మరో రకం, వింటర్ వైటింగ్ అనుకుని బుట్టలో వేసుకుంటారు. అనుమానంగా ఉంటే వదిలేయండి.