పూతరేకులు చుట్టేటప్పుడు రేకు విరిగిపోతోంది, తెలిసినవాళ్లు చెప్పరూ?

అందరికీ నమస్కారం. జీతం పడ్డాక నాకోసం నేను కొనుక్కునేది ఒకటే, ఆత్రేయపురం పూతరేకులు. అద్దె, పిల్లల ఫీజులు, అత్తగారి మందులు అన్నీ పోయాక ఆ ఒక్క డబ్బా మాత్రం నాది. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో లైటు వేసుకుని నెమ్మదిగా తింటాను. నోట్లో పెట్టగానే రేకు కరిగిపోయి, చివరికి నెయ్యి వాసన ఒక్కటే మిగులుతుంది చూడండి, దానికోసమే నెలంతా ఎదురుచూస్తాను.

ఇప్పుడు పుణెలో ఉంటున్నాం. పార్సిల్లో తెప్పిస్తే రెండుసార్లూ నెయ్యి పాతవాసన. అందుకే మొన్న ఊరెళ్లినప్పుడు ఉత్త రేకులు యాభై తెచ్చుకున్నాను. కుండ బోర్లించి కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డతో రేకు తీయడం నావల్ల అయ్యే పని కాదు. అది అక్కడి ఆడవాళ్ల చేతి పనితనం, 2023లో భౌగోళిక గుర్తింపు ఊరికే రాలేదు.

నా బాధంతా చుట్టడం దగ్గరే. తడిగుడ్డతో అద్దితే మెత్తబడి వేళ్లకి అంటుకుపోతున్నాయి. తడి తక్కువైతే మడత పెట్టగానే పటపటా విరుగుతున్నాయి. బెల్లం తురిమి చల్లితే మర్నాటికి చెమ్మగిల్లి రేకు సాగుతోంది.

అద్దడానికి నీళ్లు మంచివా, పాలా? బెల్లం తురుము ముందు ఎండలో ఆరబెట్టాలా? నెయ్యి కరిగించి రాయాలా, పేరుకున్నదే రాయాలా? ఇంకా ముప్పై రేకులున్నాయి, పాడుచేసుకోవాలని లేదు. ఇంట్లో చుట్టే అలవాటున్న అక్కలు, పిన్నిలు, ముఖ్యంగా గోదావరి వైపు వాళ్లు, దయచేసి చెప్పండి.