గుట్ట అవతలి తండకు రిలే పెడితే సిగ్నల్ వస్తదా?

దేవరకొండ_బిడ్డ:
అన్నలూ, మాది చందంపేట మండలంల ఒక తండ, టవర్ గుట్టకు అవతలి దిక్కున్నది. గుట్టెక్కితే సిగ్నల్ మంచిగ వస్తది, దిగంగనే మాయం. రాత్రిపూట 108కు ఫోన్ చేయాలన్నా ఎవరో ఒకరు గుట్టెక్కాలె, బ్యాంకు ఓటీపీలైతే అసలే రావు. గుట్ట మీద రిలే పెడితే అయిపోతదని ఒకాయన చెప్పిండు, ఆన్‌లైన్ల బూస్టర్లు కూడా దొరుకుతున్నయి, తండోళ్లం చందాలేసుకొని కొందామనుకుంటున్నం. రెండూ ఒక్కటేనా?

ఆర్ఎఫ్_రాత్రిడ్యూటీ:
ఒక్కటి కాదు తమ్మీ. బూస్టర్ అంటే రిపీటర్, దూరం నుంచి వినపడ్డ మాటను అర్థం కాకున్నా గట్టిగ అరిచి చెప్పెటోని లెక్క, సిగ్నల్‌తోటి నాయిస్‌ను, అంటే అందులో కలిసిన గరగరను కూడా పెంచుతది. రిలే అట్ల కాదు, వచ్చిన డేటాను డీకోడ్ చేసి, తప్పులు సరిజేసి మళ్ల కొత్తగ పంపుతది. 4జీల ఇది 3జీపీపీ (మొబైల్ నెట్‌వర్క్ ప్రమాణాలు రాసే సంస్థ) రిలీజ్ 10ల వచ్చింది, 5జీల రిలీజ్ 16 నుంచి ఐఏబీ అంటరు. లాభమేందంటే చెట్లు గుట్టలున్న కాడ దూరం రెండింతలైతే సిగ్నల్ ఇంచుమించు పదహారో వంతుకు పడిపోతది, అందుకే ఒక్క పొడుగు దూకుడు కంటే రెండు పొట్టి దూకుళ్లు మస్తు నయం, పైగా గుట్ట మీదికి ఫైబర్ గుంజే పని లేదు. కానీ టవర్‌తోటి మాట్లాడేదీ ఫోన్లతోటి మాట్లాడేదీ ఒకటే బ్యాండ్ అయితే టైము పంచుకోవాలె, గందుకే స్పీడ్ దాదాపు సగమైతది. కాల్స్‌కు, ఓటీపీలకు అది చాలు.

నల్లమల_నెట్:
బూస్టర్ మాత్రం కొనకుర్రి, దండం పెడుత. డాట్ (కేంద్ర టెలికాం శాఖ) పర్మిషన్ లేకుంట పెట్టుడు, అమ్ముడు రెండూ నేరమే. ఇంకోటి, దాని రెండు యాంటెన్నాల నడుమ ఎడం సరిపోకపోతే దాని సిగ్నల్ దానికే తిరిగొచ్చి ఊళపెడుతది, ఆ నాయిస్ టవర్‌కు పోయి ఆ టవర్ కింద ఉన్న పక్క ఊర్లోళ్ల ఫోన్లు కూడా కరాబైతయి. రిలే కావాలని పంచాయతీ తీర్మానం చేసి మొబైల్ కంపెనీకీ డాట్‌కూ ఇయ్యుర్రి. నెట్‌వర్క్ లేని 24,680 ఊర్లకు 4జీ ఇయ్యాలని కేంద్రం 2022 జులైల 26,316 కోట్లు మంజూరు చేసింది, బీఎస్ఎన్ఎల్ చేస్తున్నది, మీ తండ ఆ లిస్టుల ఉన్నదా అడుగుర్రి. గుట్ట అమ్రాబాద్ టైగర్ రిజర్వు కిందికొస్తే అటవీ శాఖ పర్మిషన్ కూడా కావాలె, దానికి టైం పడుతది, ఇప్పుడే అడిగి పెట్టుకోండ్రి. అప్పటిదాంక పంచాయతీ ఆఫీసుల ఫైబర్ నెట్ ఉంటే వైఫై కాలింగ్ ఆన్ చేసుకుంటే కాల్స్ పోతయి.

దేవరకొండ_బిడ్డ:
మస్తు థ్యాంక్స్ అన్నలూ, బూస్టర్ ముచ్చట బంద్. గుట్ట మీద కరెంటు లేదు మరి, రిలే నడుస్తదా? అక్కడ ఫోన్ల సిగ్నల్ మైనస్ 86 డీబీఎం చూపిస్తున్నది.

ఆర్ఎఫ్_రాత్రిడ్యూటీ:
చిన్న రిలేకు పెద్ద టవరంత పవర్ అక్కర లేదు, సోలార్ ప్లేటు, బ్యాటరీతోటి నడపొచ్చు. ఈ నంబర్ సున్నాకు ఎంత దగ్గరుంటే సిగ్నల్ అంత గట్టిది, మైనస్ 86 అంటే జాగ మంచిగనే ఉన్నది, తండల మైనస్ 115 కంటే కిందికి పడిపోతే రిలే అవసరమని ఆ నంబరే చెప్తది. ఫోన్ సెట్టింగ్స్‌ల ఈ నంబర్ చూపించే సిమ్ స్టేటస్ స్క్రీన్‌షాట్లు గుట్ట మీద, తండల రెండు జాగల్ల తీసి అర్జీకి జతచెయ్యి, పొద్దున ఒకసారి, రాత్రి ఎనిమిది దాటినంక ఒకసారి. రాత్రి అందరూ వీడియోలు చూస్తరు కదా, అప్పుడు స్పీడ్ టెస్ట్ కూడా గుట్ట మీద చేసి పెట్టు. టవర్ అప్పటికే నిండిపోయి ఉంటే రిలే పంచేది కూడా గంతే, అట్లైతే రిలే కాదు, కొత్త టవరే అడగాలె.